కాలేయంలో దాగిన ప్రయాణ చరిత్ర

17వ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. ఇక్కడి అద్దకపు బట్టలు పర్షియాకూ, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న మోఖాకూ ఓడల మీద వెళ్ళేవి. ఎర్రసముద్రానికి ఆవలి గట్టు ఆఫ్రికాయే గదా! ఇలాంటి రేవుల మధ్య సరుకులతోపాటు మనుషులూ తిరిగారు. వాళ్ళ రక్తంలో, వాళ్ళకే తెలియకుండా, హెపటైటిస్-బి వైరస్ కూడా తిరిగింది. ఏ ఓడ లెక్కల్లోనూ లేని ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఎలా తెలిసింది?

ముందు ఈ వైరస్ సంగతి చూద్దాం. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దొరికిన కొత్త ప్రొటీనును గురించి బరూక్ బ్లంబర్గ్ 1965లో ప్రకటించాడు. అది ఈ వైరస్ పైపొరలోనిదని తరువాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ కాలేయ కణాల్లో కాపురం పెడుతుంది. మురికి నీటి ద్వారా వచ్చే కామెర్లు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. (పసరు మందులకు అంత పేరు రావడానికి కారణం ఇదేనేమో!) బి రకం నీటి ద్వారా రాదు. రక్తం, ఇతర శరీర ద్రవాల ద్వారా, కాన్పు వేళ తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి భోంచేస్తే అంటదు. పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మందికి పైగా కోలుకుంటారు. పుట్టినప్పుడే సోకిన శిశువుల్లో మాత్రం నూటికి 90 మందిలో స్థిరపడిపోతుంది. ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియనివ్వకుండా ఉండి, చివరకు కొందరిలో కాలేయాన్ని గట్టిపరుస్తుంది, క్యాన్సరు తెస్తుంది.

ఈ వైరస్ జన్యు సమాచారమంతా దాదాపు 3,200 అక్షరాలు. తాళపత్ర గ్రంథాన్ని ఒకరిని చూసి ఒకరు నకలు రాసుకుంటూ పోయారనుకోండి. ఒక లేఖకుడి పొరపాటు అతని ప్రతిని చూసి రాసిన వాళ్ళందరి ప్రతుల్లోకీ దిగుతుంది. పరిష్కర్తలు ఆ పాఠాంతరాలను పోల్చి, ఏ ప్రతికి ఏది మూలమో చెబుతారు. వైరస్ కూడా తన ప్రతులు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది. నూటికి 8 అక్షరాలకు మించి తేడా ఉంటే దాన్ని వేరే జన్యురూపంగా లెక్కిస్తారు. 1988లో నాలుగింటిని గుర్తించారు. నేడు ఎ నుంచి జె వరకు పది.

ఆఫ్రికాలో ఉత్తరాన డి, పడమట ఇ, తూర్పునా దక్షిణానా ఎ1 అనే ఉపరూపం ఎక్కువ. మన దేశంలో డి ముందు, తరువాత ఎ. ఆ ఎ లోనూ అధికభాగం ఎ1యే! హిందూ మహాసముద్రపు వర్తకం, బానిసల రవాణా దీన్ని ఇరు తీరాలకూ చేర్చాయని పరిశోధకుల అభిప్రాయం.

ఇ రకం కథ ఇంకా విచిత్రం. సెనెగల్ నుంచి అంగోలా దాకా వ్యాపించినా దాని ప్రతుల్లో తేడాలు చాలా తక్కువ. పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికా ఖండాలకు తరలించబడినవారి సంతతిలో అది దాదాపు కనిపించదు. అంటే ఆ ఓడలు కదిలిన కాలానికి అది అంతగా వ్యాపించలేదన్నమాట. 20వ శతాబ్దంలో సరిగా మరిగించని సూదులతో చేసిన సామూహిక వైద్యమే దాన్ని పెంచిందని కొందరి అనుమానం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఈ వైరస్ దీర్ఘకాలంగా ఉన్నవారు 25 కోట్ల 40 లక్షలు. ఆఫ్రికా ప్రాంతంలో ఆరున్నర కోట్లు, మన దేశంలో సుమారు 3 కోట్లు.

ఇన్ని రూపాలున్నా పైపొర ప్రొటీనులో ఒక ముఖ్య భాగం అన్నిటికీ ఇంచుమించు ఒకటే. అందుకే ఒకే టీకా అన్నిటినీ ఆపుతుంది. మొదట్లో అది విదేశాల నుంచే వచ్చేది, ధర సామాన్యులకు అందేది కాదు. హైదరాబాదులో వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, ఆ ప్రొటీనును ఈస్టు కణాల చేత తయారుచేయించి 1997లో చౌకగా విడుదల చేసింది. 2011 నుంచి దేశమంతటా శిశువులకు ఈ టీకా ఉచితంగా ఇస్తున్నారు. మొదటి మోతాదు పుట్టిన 24 గంటల్లోపు పడాలి. కాన్పు వేళ సోకిన వైరస్ స్థిరపడకముందే అడ్డుకోవడానికి ఉన్న వ్యవధి అదే. ఆఫ్రికా ప్రాంతంలో 2022 నాటికి ఆ మోతాదు అందుతున్నది నూటికి 18 మంది శిశువులకే.