తెల్లారేసరికి బేసిన్ ఖాళీ

ప్రశ్న: మా మోటార్‌హోమ్‌లోని వాక్యూమ్ టాయిలెట్‌లో నీళ్లు నిలవడం లేదు. అర్ధరాత్రి పంపు దానంతటదే మోగుతోంది. మొత్తం మార్చాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అక్కర్లేదండీ. ఆ పంపు మోతే జబ్బేంటో చెప్పేస్తోంది. బేసిన్ అడుగున మూత చుట్టూ ఉండే సీలు పట్టు వదిలింది. కిందనున్న వాక్యూమ్ ఆ సందులోంచి నీళ్లు లాగేస్తోంది. వాక్యూమ్ తగ్గినప్పుడల్లా పంపు లేస్తోంది.

ముందు పంపుకి కరెంటు, నీళ్లు రెండూ కట్టేయండి. గ్లవ్స్ వేసుకుని, పెడల్ తొక్కిపట్టి, సీలు అడుగు అంచుని పాత టూత్‌బ్రష్‌తో చుట్టూరా రుద్దండి. వేలికి గరగరలాడే ఉప్పునీటి గారో, నానిన కాగితం ముక్కో తగులుతుంది. చాలాసార్లు దొంగ అదే! అప్పటికీ నీళ్లు దిగుతుంటే బేసిన్ కింది క్లాంప్ బిగించి చూడండి. లాభం లేకపోతే మీ మోడల్‌కి సరిపోయే కొత్త సీలు వేయించండి. యాసిడ్ మాత్రం పోయొద్దు, సీలు పాడవుతుంది.