రాత్రిపూట చేతికందే చిన్న టార్చిలైటు – ఎలా ఎంచుకోవాలి?



ఈ పాఠం మందుల గురించి కాదు. మందుల షాపులో దొరకని ఒక చిన్న వస్తువు గురించి. అది టార్చిలైటు. మన పల్లెల్లో బ్యాటరీ లైటు అంటాం. ఆరోగ్య పత్రికలో దీనికేం పని అని కొందరికి అనిపించవచ్చు. అయితే రాత్రిపూట ఇంటిల్లిపాదినీ ఆసుపత్రికి పరుగెత్తించే ప్రమాదాల్లో కొన్ని చీకట్లో అడుగు వేసినందువల్లనే జరుగుతాయి. అటువంటివాటిని తప్పించడానికి ఖరీదైన వస్తువేదీ అక్కరలేదు. జేబులో పట్టేంత సన్నగా, చవకగా, ఒక జత బ్యాటరీలతో చాలాకాలం వెలిగే ఎల్‌ఈడీ టార్చి చాలు. దానిని తెలిసి కొనుక్కోవాలి, అంతే.

చీకటి తెచ్చే ముప్పు

మొదటిది పాముకాటు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం పల్లెల్లోనివే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతం కూడా ఉంది. రక్తపింజర గడ్డిలోను, పొలం గట్ల మీద కదలకుండా పడి ఉంటుంది. కనబడక దానిమీద కాలు వేస్తే కాటు వేస్తుంది. దొడ్లోకి వెళ్ళేటప్పుడు, మోటారు వేయడానికి పొలం వెళ్ళేటప్పుడు నేలమీద పడే కొద్దిపాటి వెలుగు ఆ అడుగును ఆపగలదు.

రెండవది వృద్ధులు పడిపోవడం. బి.పి. మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవారు రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు. లేవగానే తల తిరగవచ్చు. దానికి చీకటి తోడైతే గడప తగిలినా, తడి నేల మీద జారినా తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే నెలల తరబడి మంచాన పడవలసి వస్తుంది.

మూడవది నిప్పు. కరెంటు పోయినప్పుడు వెలిగించే కిరోసిన్ బుడ్డి, కొవ్వొత్తి దోమతెరకో, చీర చెంగుకో అంటుకుంటే ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. టార్చితో ఆ భయం లేదు.

సెల్‌ఫోన్‌లో లైటు ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఆ లైటు ఫోను చార్జింగును తాగేస్తుంది. అవసరం వచ్చినప్పుడు 108కి ఫోను చేయడానికి చార్జింగు మిగలాలి. అందుకే వెలుగు వేరు, ఫోను వేరు అనుకోవడం మంచిది.

ఎల్‌ఈడీ ఎందుకు?

పాత టార్చీలలో సన్నని తీగ ఎర్రగా కాగి వెలుగు ఇచ్చేది. బ్యాటరీ శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోయేది. ఎల్‌ఈడీలో కాగే తీగ లేదు. అదే బ్యాటరీతో ఎన్నో రెట్లు ఎక్కువసేపు వెలుగుతుంది. కింద పడినా తెగిపోయే తీగ లేదు గనుక బల్బు మార్చే పని ఉండదు. తెల్లని ఎల్‌ఈడీకి దారి వేసిన నీలి ఎల్‌ఈడీని కనుగొన్నందుకు జపాన్‌లో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గొప్ప పని ఫలితమే నేడు చిన్న దుకాణంలో కూడా చవకగా దొరుకుతోంది.

సన్నగా ఉండాలంటే ఏ బ్యాటరీ?

టార్చి లావు దాని బ్యాటరీ లావును బట్టి ఉంటుంది. కనుక ముందు బ్యాటరీని చూడండి, తర్వాత టార్చిని చూడండి.

ఏఏఏ బ్యాటరీ: టీవీ రిమోట్లలో ఎక్కువగా వేసే సన్న బ్యాటరీ. లావు సుమారు పదిన్నర మిల్లీమీటర్లు. రెండు ఏఏఏ బ్యాటరీలు ఒకదాని వెనుక ఒకటి వేసే టార్చి పెన్నులాగా చొక్కా జేబులో నిలబడుతుంది. సన్నదనం కావలసినవారికి ఇదే తగినది.

ఏఏ బ్యాటరీ: గోడ గడియారంలో వేసే పెన్సిల్ బ్యాటరీ. లావు పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. ఒక్క ఏఏ వేసే టార్చి బొటనవేలికంటే కొంచెం లావుగా, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది. దీనిలో ఏఏఏ కంటే సుమారు రెండింతల శక్తి ఉంటుంది. ఇంటికి ఒక్క టార్చి కొనేవారికి మేము ఏఏ రకాన్నే సూచిస్తాం.

మూడు ఏఏఏ బ్యాటరీలను ఒక ప్లాస్టిక్ గూటిలో పేర్చే టార్చీలు చాలా చవకగా దొరుకుతాయి. అయితే అవి లావుగా ఉంటాయి. గూటిలోని రేకులు వదులై త్వరగా మొరాయిస్తాయి. పైగా బ్యాటరీలు జతలుగా అమ్ముతారు, దీనికి మూడు కావాలి.

ఎంతసేపు వెలుగుతుంది? – ఒక చిన్న లెక్క

మంచి అల్కలైన్ ఏఏ బ్యాటరీలో, నెమ్మదిగా వాడితే, సుమారు 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. దీనిని కుండలో నీళ్ళు అనుకోండి. రెండు ఏఏ బ్యాటరీలు వరుసగా వేసే టార్చి 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 2000ను 100తో భాగించాలి, 20 గంటలు వస్తుంది. రాత్రికి 15 నిమిషాలు వాడినా 80 రాత్రులు సరిపోతుంది. అదే టార్చి ఐదింతలు ఎక్కువ కరెంటు తీసుకునే రకమైతే లెక్క ప్రకారం 4 గంటలే. నిజానికి అంత కూడా రాదు, ఎందుకంటే వేగంగా వాడితే బ్యాటరీ తన శక్తినంతా ఇవ్వలేదు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? వెలుగు ఎక్కువ కావాలంటే గంటలు తగ్గుతాయి. దొడ్డిదారిలో నడవడానికి, ఇంట్లో తిరగడానికి 20 నుండి 50 ల్యూమెన్ల వెలుగు చాలు. ల్యూమెను అంటే దీపం నుండి బయటకు వచ్చే మొత్తం వెలుగుకు కొలత. చిన్న పెన్సిల్ బ్యాటరీ టార్చి పెట్టె మీద వేలకు వేల ల్యూమెన్లు అని రాసి ఉంటే నమ్మవద్దు. వృద్ధులకు, కంటిలో పొర వచ్చినవారికి మరీ తీవ్రమైన వెలుగు కళ్ళు చెదరగొడుతుందే గాని దారి చూపదు.

పెట్టె మీద రాసిన గంటలను కూడా అర్థం చేసుకోవాలి. అమెరికాలో 2009లో వచ్చిన కొలత పద్ధతి ప్రకారం, మొదట ఉన్న వెలుగు పదో వంతుకు తగ్గేవరకు గడిచిన కాలాన్నే టార్చి నడిచే కాలంగా లెక్కిస్తారు. కనుక 50 గంటలు అని ఉంటే 50 గంటలూ ఒకే కాంతి అని అర్థం కాదు. ఆ గంటలు తక్కువ వెలుగుకా, ఎక్కువ వెలుగుకా అన్నది కూడా చూడండి.

చవకగా దొరికే మామూలు జింకు బ్యాటరీల్లో అల్కలైన్‌లో ఉన్న శక్తిలో సగం కూడా ఉండదు. అవి త్వరగా కారి టార్చి లోపలి భాగాన్ని తినేస్తాయి. ధర చూసి మురిసిపోకుండా ఎన్ని రాత్రులకు వస్తుందో లెక్క వేయండి.

రీచార్జి టార్చీల సంగతి

గోడకు గుచ్చి చార్జి చేసే టార్చీలు మన ప్రాంతంలో చాలామంది వాడుతున్నారు. రోజూ వాడేవారికి అవి లాభమే. కానీ వాడకుండా నెలల తరబడి వదిలేస్తే లోపలి బ్యాటరీ పాడవుతుంది. అవసరమైన రోజున వెలగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన తర్వాత చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి సమయంలో చార్జి చేసుకునే దారి ఉండదు. దుకాణంలోనో, గోడ గడియారంలోనో దొరికే బ్యాటరీతో వెలిగే టార్చి అప్పుడు అక్కరకు వస్తుంది.

ఇంకొక జాగ్రత్త. కొన్ని చవకరకం రీచార్జి టార్చీలలో లోపలి భాగాలు కరెంటు లైనుతో నేరుగా కలిసి ఉంటాయి. చార్జింగు పెట్టి ఉండగా టార్చిని తడిచేతితో తాకవద్దు, స్విచ్చి వేయవద్దు. ప్లగ్గు పుల్లలను పిల్లలు పట్టుకోకుండా చూడండి.

షాపులో చూడవలసిన ఏడు విషయాలు

1. ఏ బ్యాటరీ వేయాలి? అది మీ ఊరి దుకాణంలో దొరుకుతుందా?
2. తక్కువ వెలుగు, ఎక్కువ వెలుగు అని రెండు రకాలు ఉన్నాయా? రోజువారీ పనికి తక్కువ వెలుగే వాడితే బ్యాటరీ చాలాకాలం వస్తుంది.
3. వెలిగించి, అరచేతిలో తట్టి చూడండి. రెపరెపలాడితే రేకులు వదులుగా ఉన్నట్టు. తీసుకోవద్దు.
4. కీళ్ళనొప్పులున్న పెద్దవారి వేలితో స్విచ్చి పడుతుందా? కొనేముందు వారి చేతనే నొక్కించండి.
5. మూత దగ్గర రబ్బరు ఉంగరం ఉందా? ఉంటే వానచినుకులకు తట్టుకుంటుంది.
6. ఆర్పే ప్రతిసారీ టపటపా మిణుకుమనే రకం వద్దు. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి అటువంటి వెలుగు ఫిట్సు తెప్పించగలదు.
7. తాడు కట్టుకోవడానికి రంధ్రం ఉందా? మంచం కోడుకు కట్టి ఉంచితే రాత్రి వెతుక్కోనక్కరలేదు.

ఇంటికి తెచ్చాక

టార్చికి ఒకే స్థలం ఉండాలి. దిండు పక్కనో, మంచం తలవైపునో. చీకట్లో చేయి చాస్తే తగలాలి. ఎక్కడుందో తెలియని మంచి టార్చికంటే చేతికందే చిన్న టార్చి మేలు.

వెలుగును దూరంగా కాక, ఒకటి రెండు అడుగుల ముందు నేలమీద వేయండి. చెప్పులు వేసుకోండి. గడ్డి ఉన్నచోట కర్రతో తట్టుతూ నడవండి. కట్లపాము మాత్రం నేలమీద నిద్రిస్తున్నవారిని రాత్రిపూట కాటు వేస్తుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. దానికి టార్చి ఒక్కటే చాలదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం చేయవద్దు. కాటు పడిన కాలు లేక చేయి కదలకుండా ఉంచి, వెంటనే పాముకాటు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పాత బ్యాటరీ, కొత్త బ్యాటరీ కలిపి వేయవద్దు. చాలాకాలం వాడకపోతే బయటకు తీసి ఉంచండి. వెలుగు మందగించిన అల్కలైన్ ఏఏ బ్యాటరీని పారవేయకముందు గోడ గడియారంలో వేసి చూడండి. దానికి చాలా కొద్ది శక్తి చాలు గనుక ఇంకొన్ని నెలలు నడవవచ్చు. అయిపోయిన బ్యాటరీలను పొయ్యిలో వేయకండి, పేలగలవు.

పసిపిల్లలున్న ఇంట్లో బటన్ బ్యాటరీతో వెలిగే తాళంచెవుల టార్చీలు, బొమ్మ టార్చీలు ఉంచకండి. రూపాయి బిళ్ళలా ఉండే ఆ బ్యాటరీని బిడ్డ మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చగలదు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎక్స్‌రేలో తెలుస్తుంది.

షుగరు ఉన్నవారికి ఈ టార్చితో ఇంకొక మేలు ఉంది. ప్రతి రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు వెలుగులో చూసుకోండి. కనబడకపోతే ఇంట్లోవారిని చూడమనండి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, కంటికి తెలుస్తుంది. పొగాకు నమిలేవారు, చుట్ట, బీడీ కాల్చేవారు అద్దం ముందు నోరు తెరిచి వెలుగు వేసి చూసుకోండి. తెల్లని, ఎర్రని మచ్చ గాని, మూడు వారాలైనా మానని పుండు గాని ఉంటే డాక్టరుకు చూపించండి. అయితే సరదాకైనా ఎవరి కళ్ళలోకీ టార్చి వేయవద్దు.

ఇంటిల్లిపాదీ కలిసి మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో రాత్రి ఎక్కువసార్లు లేచేది ఎవరు? వారి చేతికి టార్చి అందుతుందా?
2. మన టార్చిలో ఏ బ్యాటరీ ఉంది? మార్చడానికి ఇంకొక జత ఇంట్లో ఉందా?
3. ఇంట్లో బటన్ బ్యాటరీలు ఏ వస్తువుల్లో ఉన్నాయి? పసివాళ్ళకు అందకుండా ఉన్నాయా?
4. మంచం నుండి స్నానాలగది వరకు దారిలో కాలికి తగిలేవి ఏమున్నాయి? ఈ రోజే తీసేయగలమా?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఈ రాత్రి దీపాలు ఆర్పకముందే చూసుకోండి. టార్చి కొనడానికి సంతకు వెళ్ళేవారు పై ఏడు విషయాలున్న పేజీని వెంట తీసుకువెళ్ళండి. మీ పొరుగింట్లో ఒంటరిగా ఉండే పెద్దవారెవరైనా ఉంటే వారికోసం ఇంకొకటి కొని, దానిని వెలిగించడం, ఆర్పడం రెండుసార్లు వారి చేతనే చేయించి రండి.