పాత కారు గుర్తుపట్టడం, కొనడం, నిలుపుకోవడం ఎలా?

పాత కారు అనగానే చాలామందికి వింటేజ్ ర్యాలీల్లో తళతళలాడే బండ్లు గుర్తొస్తాయి. నా మోజు వాటి మీద కాదు. చెరకు రైతు రేకుల షెడ్డులో దుమ్ముపట్టిన అంబాసిడర్, బోధన్‌లో ఏ డాక్టరు గారో తిప్పిన ఫియట్, ఓ టీచరు ఇంట్లోకి మొదటిసారి వచ్చిన మారుతి 800... ఇవీ నా బండ్లు. ఈ పిచ్చి కొత్తగా పట్టినవాళ్లు రంగు చూసి పడిపోతారు. కాగితాలు, అడుగు రేకు చూడటం నేర్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మొదటి మెట్టు: ఏ బండో తేల్చుకోండి

అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 దాకా దాదాపు అదే రూపంలో వచ్చింది కాబట్టి బయటినుంచి చూస్తే తికమకే. లోపల కూర్చోండి. గేరు రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటే చాలావరకు పాత 1489 సీసీ పెట్రోలు బండి లేదా డీజిల్. కింద, సీట్ల మధ్య ఉంటే 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజను అయి ఉండొచ్చు. బానెట్ ఎత్తి చూసుకోండి.

ఫియట్‌కి పేర్లు ఎక్కువ. ఫియట్ 1100 డిలైట్, ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని. మనవాళ్ల నోట్లో అన్నీ ఫియట్లే. ఆర్సీలో ఏ పేరుందో అది చూడండి.

మారుతి 800 తేలిక. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి రకం పలకలు పలకలుగా ఉంటుంది. 1986లో వచ్చిన దాని మూలలు గుండ్రం. రెండింటికీ 796 సీసీ, మూడు సిలిండర్లే. డాష్‌బోర్డు దగ్గర చోక్ లాగే నాబ్ ఉంటే కార్బొరేటర్ బండి. కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్‌తో వచ్చిన తర్వాతి ఎంపీఎఫ్ఐ బండ్లకు ఆ నాబ్ ఉండదు. మొదటి పాత కారు ఏది కొనాలని అడిగితే నా ఓటు దీనికే. తయారీ 2014లో ఆగిపోయినా, దీన్ని విప్పడం రాని మెకానిక్ అరుదు.

రెండో మెట్టు: నంబరు, కాగితాలు

మూడు ఇంగ్లీషు అక్షరాలతో, అందులో మొదటిది 'ఏ'గా నంబరు ఉంటే అది చాలావరకు 1989కి ముందు రిజిస్టరైన ఆంధ్రప్రదేశ్ బండి. ఏపీ 25 తర్వాతి కాలపు నిజామాబాద్ బండి. టీఎస్ 16 అంటే 2014 జూన్ తర్వాత, టీజీ 16 అంటే 2024 మార్చి తర్వాత.

నిజామాబాద్ జిల్లాలో కందకుర్తి దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. అందుకే ఇక్కడ అమ్మకానికి వచ్చే బండ్లలో ఎంహెచ్ 26, అంటే నాందేడ్ నంబర్లూ ఉంటాయి. ధర తక్కువని మురిసిపోవద్దు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపాకే బేరమాడండి. బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూడండి; అది ఐదేళ్లకోసారి చేయించాలి. డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోలుకి 15 ఏళ్లన్న నిబంధన ఢిల్లీ ప్రాంతానిది. అది చెప్పి భయపెట్టేవాళ్లను పట్టించుకోకండి.

మూడో మెట్టు: అడుగు చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. కందకుర్తి అంటే గోదావరి, మంజీర కలిసే చోటు. పెద్ద వరదొస్తే నదిలోని పాత శివాలయం మునుగుతుంది, ఒక్కోసారి వంతెన మీద రాకపోకలూ ఆపేస్తారు. నీళ్లలో నిలిచిన కారుని కడిగి, సెంటు కొట్టి అమ్మొచ్చు కానీ నల్లరేగడి మట్టి అంత తేలిగ్గా వదలదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి గీకండి. ముందు సీటు వెనక్కి జరిపి, పట్టాల బోల్టులు చూడండి. ఎండిన నల్లమట్టి పొడిగా రాలితే, బోల్టు తలలు ఎర్రగా తుప్పుపడితే, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన వస్తే, నమస్కారం పెట్టి వచ్చేయండి. తలుపుల కింది అంచుల్లో చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

ఇంజను కోసం పొద్దున్నే వెళ్లండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఓనరు ముందే స్టార్ట్ చేసి పెట్టాడు, ఇంకో రోజు రండి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది, బోరు పని ఉంటుంది.

నాలుగో మెట్టు: ఇంటికొచ్చాక

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది కానీ, చెరకు ఇప్పుడు ఇంకో దారిలో మన కారులోకి వస్తోంది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. చెరకు, బియ్యం, మక్కల నుంచి తీసేది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, పగులుతాయి. కొన్న వెంటనే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించండి. ఇథనాల్ గాలిలో తేమ పీలుస్తుంది కాబట్టి టాంకు నింపి నెలల తరబడి నిలబెట్టొద్దు. వారానికోసారి పది కిలోమీటర్లయినా తిప్పండి, బ్యాటరీ కూడా బతుకుతుంది.

అమ్మేవాడి చేత యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకోకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ముప్పై రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీ మీ పేరు మీదికి మార్పించుకోండి. అప్పటిదాకా ఏ ప్రమాదం జరిగినా కోర్టు నోటీసు వెళ్లేది పాత ఓనరుకే. ఇది అమ్మేవాళ్లకూ చెప్పండి, సంతకం పెట్టడానికి వాళ్లే మీ వెంట పడతారు.