ఇంటిపట్టున ఉన్నప్పుడు: పెరడు, వంటిల్లు, రోగి గది



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇల్లు కదలకుండా ఉండడం చాలామందికి కొత్త. బైబిలు చదివేవారికి మాత్రం అది మరీ కొత్త సంగతి కాదు. లేవీయకాండము 13వ అధ్యాయంలో, వ్యాధి అనుమానం ఉన్నవారిని ఏడు దినములు ప్రత్యేకంగా ఉంచి తిరిగి పరీక్షించే పద్ధతి ఉన్నది. అటువంటి అంటువ్యాధి మళ్ళీ వచ్చినా, ఇంట్లో ఒకరి జ్వరం వల్ల అందరూ కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండవలసి వచ్చినా ఏమేమి గమనించాలో ఈ నెల తెలుసుకుందాం.

ముందు పెరడు. లాక్‌డౌన్ నెలల్లో పాత బకెట్లు, పగిలిన కుండలు, బియ్యం సంచులు అన్నీ కూరల మడులయ్యాయి. చాలా మంచి పని. తోటకూర విత్తనం చల్లిన నెల రోజులకే కోతకు వస్తుంది. బచ్చలి తీగ ముక్క గుచ్చితే చాలు, పాకుతుంది. బయట నడవడానికి వీలులేని షుగరు రోగులకు ఉదయం అరగంట పాదులు చేయడం మంచి వ్యాయామం. అయితే చెప్పులు లేకుండా మట్టిలో దిగరాదు. పాదాలకు స్పర్శ తగ్గినవారికి ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. పని అయ్యాక కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనుమలు చూసి చెప్పవచ్చు.

తుప్పు మేకు గుచ్చుకుంటేనే ఇంజక్షను అని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. ధనుర్వాత క్రిమి ఉండేది మట్టిలో, పశువుల పేడలో. కాబట్టి పార తగిలినా, ముల్లు లోతుగా దిగినా సబ్బుతో, ధారగా నీళ్ళు పోస్తూ కడిగి టీకా సంగతి అడగండి. కాఫీపొడి, పేడ అద్దవద్దు.

కుండీ కింద పెట్టే పళ్ళెం చాలామంది మరచిపోతారు. డెంగీ దోమ మురుగును వెదకదు, నిలిచిన మంచినీరే దానికి ఇష్టం. కుట్టేది కూడా పగలే. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు. నీరు ఆరినా ఆ గుడ్లు తొట్టి గోడకు అంటుకొని నెలల తరబడి బ్రతికి ఉంటాయి. కనుక నీళ్ళు పారబోస్తే సరిపోదు. వారానికొకసారి డ్రమ్ము, తొట్టి, పళ్ళెం లోపలి అంచులను కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి.

ఇది ఎందుకింత వివరంగా వ్రాస్తున్నామంటే, అంటువ్యాధి రోజుల్లో ఏ జ్వరం వచ్చినా అందరి అనుమానం ఒక్కదాని మీదనే పోతుంది. డెంగీ మరుగున పడుతుంది. జ్వరం ఏమిటో తేలేవరకు పారాసిటమాల్ తప్ప ఒళ్ళునొప్పుల మాత్రలు సొంతంగా వేసుకోరాదు. జ్వరం తగ్గిన మరునాడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనబడితే తెల్లవారేవరకు ఆగవద్దు, వెంటనే తీసుకురండి.

వంటింటి సంగతి రెండు మాటలు. శానిటైజరులో ఉండేది ఆల్కహాలు, పొయ్యి దగ్గర అంటుకుంటుంది. వంట చేసే చేతులకు సబ్బే మేలు. బ్లీచింగ్ పౌడరును బాత్రూము యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. ఆవిరి గిన్నె పసిపిల్లల దగ్గర పెట్టవద్దు.

రోగి గదికి కిటికీ తెరిచి ఉంచండి. చలి అని, దిష్టి అని మూసేస్తారు, గాలి ఆడకపోతేనే వ్యాధి చుట్టుకుంటుంది. లోపలికి వెళ్ళేవారు, రోగి ఇద్దరూ మాస్కు కట్టుకోవాలి. వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ మీటరులో 94 కంటే తగ్గితే ఫోను చేసి ఆస్పత్రికి బయలుదేరాలి. బి.పి., షుగరు, మూర్ఛ మాత్రలు నెలకు సరిపడా ముందే తెచ్చుకోండి. పిల్లల టీకాలు దాటితే, దారులు తెరిచిన వారంలోనే కార్డుతో రండి.

ఇక పెద్దవారు. వారిని ఒక గదిలో పెట్టి వేళకు అన్నం పంపితే సేవ అయిపోయిందనుకోవద్దు. జ్వరం లేని అవ్వకు వసారాలో పీట వేసి చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ఇవ్వండి, విత్తనానికి ఏ కాయ ఆపాలో ఆమెనే అడగండి. ఆ రోజు అన్నం ఎంత తిన్నదో మీరే చూస్తారు.