బోరింగు చెడకముందే చూసుకుందాం

బోరింగు చెడిపోతే ముందు కష్టం ఎవరికి? ఆడవాళ్లకే. బిందె ఎత్తుకొని దూరం బావికి నడవాల్సింది మనమే. ఆ పూట కూలి పోతుంది. బడికి పోయే ఆడపిల్ల కూడా కడవ పట్టుకుంటుంది.

మన కంబదూరు అనంతపురం జిల్లాలో ఉంది. ఈ జిల్లాలో వాన తక్కువే పడుతుంది. చెరువులు ఏటా నిండవు. కుళాయి ఉన్నా, కరెంటు పోతే, పైపు పగిలితే నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు బోరింగే దిక్కు.

బోరింగు ఎలా వచ్చింది?

వెనుక ఊళ్లలో పోత ఇనుము పంపులు ఉండేవి. అవి ఒక ఇంటి వాడకానికి చేసినవి. ఊరంతా కొట్టేసరికి విరిగిపోయేవి. అందుకని 1970ల్లో ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి గట్టి పంపు తయారు చేయించాయి. కోయంబత్తూరు దగ్గర పల్లెల్లో దాన్ని పరీక్షించారు. అదే ఇండియా మార్క్ 2.

దీనిలో ఒక చిక్కుంది. లోపల వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. అందుకే తర్వాత మార్క్ 3 వచ్చింది. దీనికి పైపులు తీయకుండానే వాషరు మార్చవచ్చు. బాగుచేసే పని సులువు కావాలని చేసిన మార్పు ఇది.

ముందే తెలిసే గుర్తులు

1. గొలుసు కిర్రుమంటుంది. గ్రీజు పూయాలి.
2. పిడి పక్కలకు ఊగుతుంది. బోల్టులు బిగించాలి. అప్పటికీ ఊగితే బేరింగు చూపించాలి.
3. చాలాసేపు కొడితేగానీ నీళ్లు రావు. లోపల వాల్వు కారుతుండవచ్చు.
4. నీళ్లు తగ్గుతాయి. వాషరు అరిగి ఉండవచ్చు. లేదా భూమిలో నీళ్లు దిగి ఉండవచ్చు.
5. చుట్టూ ఉన్న గచ్చు పగులుతుంది. మురికి నీళ్లు లోపలికి దిగుతాయి. వెంటనే పూడ్చాలి.

పంపు బాగున్నప్పుడు 40 సార్లు కొట్టి ఎన్ని నీళ్లు వచ్చాయో కొలవండి. ఆ లెక్క నోటుబుక్కులో రాయండి. నెలకు ఒకసారి అలాగే కొలవండి. లెక్క తగ్గుతూ వస్తే పంపు పూర్తిగా ఆగేదాకా కూర్చోవద్దు.

ఎప్పుడు? ఏది ముందు?

పెద్ద రిపేరు ఎండాకాలం రాకముందే చేయించాలి. పొద్దున్నే, సాయంత్రం నీళ్లు పట్టుకునే వేళ పంపు విప్పకూడదు. వాషర్లు, బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోవాలి.

రెండు బోరింగులు చెడితే ఏది ముందు? పెద్దమనిషి ఇంటి ముందరిదా? కాదు. ఏ వాడకు వేరే నీళ్లు లేవో ఆ వాడది ముందు. ఎక్కువ ఇళ్లు వాడేది, బడి పిల్లలు తాగేది తర్వాత. ఈ మాట గ్రామసభలో మనమే అడగాలి.

ఇదంతా మగవాళ్ల పని అంటారు కొందరు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల్లో మహిళా సమాఖ్య ఆడవాళ్లకు బోరింగు రిపేరు నేర్పింది. వాళ్లు పానాలు పట్టి పంపులు బాగుచేశారు. వాళ్లలో చాలామందికి మొదట చదువు రాదు. మనకు ఇప్పుడు చదువు వచ్చింది!

చెప్పండి, రాయండి

1. మీ వాడ బోరింగును ఎన్ని ఇళ్లవాళ్లు వాడుతున్నారు?
2. పోయిన ఏడాది అది ఎన్ని రోజులు ఆగింది?
3. రిపేరు కోరుతూ పంచాయతీకి నాలుగు వాక్యాల అర్జీ రాయండి. తేదీ వేయండి. అందరూ సంతకాలు చేయండి.