పరీక్షకొచ్చిన క్లబ్బు: మేనల్లుడికో ఉత్తరం

బతు బస్తీ,
శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్),
దక్షిణ అండమాన్.

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

మీ అమ్మ ఫోన్లో సంగతి చెప్పింది. ఓ గోల్ఫ్ కంపెనీ తన కొత్త క్లబ్బులు, బంతులు ఆడి చూసి చెప్పేవాళ్లు కావాలని పిలిచిందట. పేరివ్వాలని ఉన్నా, పదహారు హ్యాండిక్యాప్ వాణ్ణి నన్నెవరు తీసుకుంటారని వెనకాడుతున్నావట. చిన్నతనంలో విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో దొరల బ్యాగులు మోసిన క్యాడీని, ఈ దీవికొచ్చాక పడవ ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఆటా యంత్రమూ నాకు తెలిసినంత మేర చెబుతాను, విను.

ముందు ఆ వెనకాడటం మానెయ్. బాగా కొట్టగలవాడి కోసమే అయితే కంపెనీకి మనిషి అక్కర్లేదు. అమెరికా ఆటగాడు బైరన్ నెల్సన్ పేరు మీద ఐరన్ బైరన్ అనే మరమనిషిని ఎప్పుడో చేశారు. అది ఎన్నిసార్లు కొట్టినా ఒకేలా కొడుతుంది. కానీ నీలా క్లబ్బు మడమ వైపు కొట్టి బంతిని కుడికి పోగొట్టుకోవడం, తడి చేత్తో పట్టు జారడం, పన్నెండో హోల్ దగ్గర అలిసిపోవడం దానికి రావు. కొనేవాళ్లలో ఎక్కువమంది నీలాంటివాళ్లే. అందుకే నీ వంకర స్వింగ్ వాళ్లకి పనికొస్తుంది. ఫారంలో మంచి ఆటగాడిలా కనబడాలని హ్యాండిక్యాప్ తగ్గించి రాయకు. రాస్తే నీకు తగని షాఫ్ట్ వస్తుంది, నువ్వు చెప్పేదంతా తప్పుదారి పడుతుంది.

పిలుపు నిజమైనదో కాదో చూసుకో. పంపుడు ఖర్చులనో డిపాజిట్టనో డబ్బడిగితే, ఓటీపీ అడిగితే, అక్కడితో ఆపెయ్. అప్పటికే డబ్బు పోయుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్. పిలుపు నిజమైనదైతే కాగితం పూర్తిగా చదువు. వస్తువు నీదవుతుందా, తిరిగి పంపాలా? విరిగితే నష్టం ఎవరిది? విదేశం నుంచొస్తే కస్టమ్స్ సుంకం ఎవరు కడతారు? బజారుకి రాని మోడల్ ఫొటోలు ఎప్పటిదాకా బయటపెట్టకూడదు? ఒప్పుకుని సంతకం పెట్టాక ఆ ఫొటో మీ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో కూడా కనబడకూడదు.

ఇక అసలు పని. కొత్త క్లబ్బు చేతికి రాగానే పొడుగ్గా వెళ్లిన ఒక్క షాటే మనసులో నిలిచిపోతుంది. ఇక్కడ జంగ్లీఘాట్ మత్స్యకారులు మనవాళ్లే, శ్రీకాకుళం వైపు వాళ్లు చాలామంది. ఒక్కరోజు పడిన చేపలు చూసి ఏ ఒక్కడూ వల మంచిదనడు. నువ్వూ అనకు. ఒళ్లు వేడెక్కాక మొదలుపెట్టు. పాత క్లబ్బుతో ఐదు, కొత్తదానితో ఐదు, మళ్లీ పాతదానితో ఐదు, అలా మార్చి మార్చి కొట్టు. అన్నిటికీ ఒకే రకం బంతి వాడు. క్లబ్బు ముఖం మీద టేపు అంటించి బంతి ఎక్కడ తగిలిందో చూసుకో. చెడిపోయిన షాట్లు వదిలెయ్యకుండా అవి కూడా రాయి. సగటు దూరం కన్నా, బంతులు ఎంత వెడల్పున చెల్లాచెదురయ్యాయన్నది ముఖ్యం. వీలైతే కంపెనీ పేరు కనబడకుండా క్లబ్బు తలకి టేపు చుట్టించు, ఖరీదు తెలిస్తే చెవికి శబ్దం కూడా కమ్మగా వినిపిస్తుంది.

ఐరన్లయితే లాఫ్ట్, అంటే ముఖం వాలు, కొలిపించు. ఒకప్పుడు ఏడో నంబరు ఐరన్ 35 డిగ్రీల దాపుల్లో ఉండేది. దూరం కోసమే చేసే కొన్ని ఇప్పటి సెట్లలో అది 28, 30కి దిగింది. అది పది గజాలు ఎక్కువ పోయిందంటే గొప్పేముంది? నీ పాత ఆరో నంబరుకి కొత్త అంకె వేశారంతే. షాఫ్ట్ పొడుగు కూడా చూడు.

నెల తర్వాత మళ్లీ రాయి. వాడేకొద్దీ పలచని డ్రైవర్ ముఖానికి స్ప్రింగు గుణం పెరగొచ్చు, పగులు కూడా రావొచ్చు. 2019లో పోర్ట్‌రష్‌లో జరిగిన గోల్ఫ్ ఓపెన్‌లో పేరున్న ఆటగాడు జాండర్ షాఫెలే డ్రైవర్, నియమాల సంస్థ ఆర్ అండ్ ఏ చేసిన పరీక్షలో ఆ హద్దు దాటింది. అంత ఆటగాడు అప్పటికప్పుడు వేరేది పట్టాల్సొచ్చింది. గ్రిప్ చెమటకి ఎలా ఉంది, పెయింటు లేచిందా, తల వదులైందా, ఇవన్నీ రాయి. ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో ఈ ఊళ్లో రోజూ చూస్తున్నాను.

దాన్ని పోటీకి తీసుకెళ్లే ముందు నియమాల గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. పరీక్షకొచ్చినవన్నీ ఆమోదం పొందినవే కానక్కర్లేదు. డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు మించకూడదు. బంతి 45.93 గ్రాములకన్నా బరువుగా, 42.67 మిల్లీమీటర్లకన్నా చిన్నగా ఉండకూడదు. నియమాలకి ఒప్పని క్లబ్బుతో పోటీలో ఒక్క దెబ్బ కొట్టినా బయటికి పంపేస్తారు. దాంతో ఆడిన స్కోరు హ్యాండిక్యాప్‌కీ ఎక్కదు. నియమాలకి ఒప్పేదే అయినా బ్యాగులో ఉంచుకోనిచ్చే పద్నాలుగు క్లబ్బుల్లో అదీ ఒకటిగా లెక్క. అందుకని పరీక్ష క్లబ్బుని ప్రాక్టీసుకే ఉంచు.

యూట్యూబ్‌లో పెడతావేమో, కంపెనీ ఇచ్చిందని మొదటే చెప్పు. 2022 జూన్‌లో ప్రకటనల మీద వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఇచ్చినవాడితో సంబంధాన్ని దాచొద్దంటున్నాయి. వృత్తి, వ్యాపారాల్లో ఉన్నవాళ్లకి ఇలా వస్తురూపంలో అందేది ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ తియ్యాలని అదే ఏడు జూలై 1 నుంచి నియమం పెట్టారు. వాడి తిరిగిచ్చేస్తే అది లాభం కింద రాదని పన్ను బోర్డు వివరణ కూడా ఇచ్చింది. ఛానల్ మీద సంపాదించే రోజొస్తే ఇది నీకూ తగులుతుంది.

బాగోలేదని రాస్తే మళ్లీ పిలవరేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. నిజంగా తెలుసుకోవాలనుకున్న కంపెనీ అయితే పిలుస్తుంది. పిలవకపోతే వాళ్లకి కావాల్సింది పొగిడేవాడని తేలుతుంది. అలాంటి వాళ్లకి నీ ఆదివారాలు ధారపోయనక్కర్లేదు. కానీ తిట్టడమే నిజాయితీ అనుకోకు. "నాకు నచ్చలేదు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "మడమకి తగిలితే ఇరవై గజాలు తగ్గి కుడికి పోతోంది" అంటే ఇంజనీరుకి పని దొరుకుతుంది.

ఫారం నింపు. చదువుకీ ఉద్యోగానికీ అడ్డు రానంత వరకే ఒప్పుకో. రాసే ప్రతి మాటా, నెలజీతంలోంచి కూడబెట్టి ఆ క్లబ్బు కొనబోయేవాడు చదువుతాడని గుర్తుపెట్టుకుని రాయి. వాడికి మేలు చేసిందే మంచి నివేదిక.

ఇట్లు,
నీ మావయ్య