ఏ అప్పు మునుగుతుందో లెక్కగట్టే కొలువు

“లోన్ డిఫాల్ట్ ప్రిడిక్షన్, 95 శాతం యాక్యురసీ.” డేటా సైన్స్ నేర్చుకున్న పిల్లల రెజ్యూమెల్లో ఈ లైను తరచూ కనిపిస్తుంది. చూసినవాళ్లకు ముందు వచ్చే అనుమానం: ఆ డేటాలో అప్పు కట్టనివాళ్లు ఎంతమంది? వందలో అయిదుగురే అయితే, “అందరూ కట్టేస్తారు” అని కళ్లు మూసుకుని చెప్పినా 95 మార్కులు వస్తాయి. పట్టుకోవాల్సిన ఆ అయిదుగురిలో ఒక్కడూ దొరకడు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు గిని, కేఎస్ ఎంత వచ్చాయని అడుగుతారు. మంచి ఖాతాలనూ చెడ్డ ఖాతాలనూ మోడల్ ఎంత బాగా విడదీసిందో చెప్పే కొలతలవి.

తర్వాతి ప్రశ్న చిన్నదే గాని చాలామంది తడబడేది అక్కడే. “డిఫాల్ట్ అంటే?” రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం టర్మ్ లోన్ వాయిదా గడువు మీరి 90 రోజులు దాటితే అది ఎన్‌పీఏ, పేపర్ల భాషలో మొండి బాకీ. ఆలోపే ఎస్‌ఎంఏ-0, 1, 2 అని నెలకో హెచ్చరిక మెట్టు ఉంటుంది. పంట రుణానికి ఈ రోజుల లెక్క చెల్లదు. స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లు, దీర్ఘకాలిక పంటలకు ఒక సీజన్ చూస్తారు. ఇవేమీ చూడకుండా ఇంటి రుణాన్నీ పంట రుణాన్నీ ఒకే టేబుల్లో పోసి ఎక్స్‌జీబూస్ట్ అనే అల్గారిదమ్‌కు అప్పగిస్తే వచ్చేది కలగూరగంపే. అన్నట్టు, ఉద్యోగం పోయి కట్టలేనివాడూ, డబ్బుండీ ఎగ్గొట్టినవాడూ మోడల్ కంటికి ఒకటే.

ఇక అతి మామూలు తప్పు ఒకటుంది. రికవరీవాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేశారన్న కాలమ్‌ను మోడల్‌కు పెడితే ఫలితం అద్భుతంగా ఉంటుంది. ఉండదా మరి! ఆ ఫోన్లు వాయిదా తప్పాకే కదా వెళ్లాయి. దరఖాస్తు రోజున బ్యాంకు చేతిలో ఏముందో అంతవరకే వాడాలి. కొలువులో సగం రోజు ఈ కాపలాతోనే గడుస్తుంది. ఇది అప్పుల వ్యవహారం తెలిసినవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. కాబట్టి బీకాం చదివి ఫైనాన్స్ కంపెనీలో రెండేళ్లు పనిచేసినవాళ్లు “మాకు కోడింగ్ రాదు” అని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్ నేర్చుకోవచ్చు. ఆ రెండేళ్ల అనుభవాన్ని ఏ కోర్సూ ఇవ్వదు.

ఎంత జాగ్రత్తపడినా మోడల్ చూడలేనివి ఉంటాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్‌పై ఆర్డినెన్సు తెచ్చాక, అప్పటిదాకా వారం వారం ఠంచనుగా కట్టిన గ్రూపులూ ఆగిపోయాయి. పాత చెల్లింపుల చరిత్రలో దాని జాడ ఎక్కడ దొరుకుతుంది? ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థల అప్పులున్న సంగతి కూడా ఒకరికొకరికి సరిగ్గా తెలియని రోజులవి. ఆ దెబ్బ తర్వాతే మైక్రో రుణాల వివరాలు క్రెడిట్ బ్యూరోలకు పెద్ద ఎత్తున చేరడం మొదలైంది.

సాధనకు ‘జర్మన్ క్రెడిట్’ డేటా ఉచితంగా దొరుకుతుంది. పాతదే, వెయ్యి మందే. అందులో 300 మందివి చెడ్డ ఖాతాలు. దాని వెంట వచ్చే ఖర్చు పట్టికను మాత్రం వదలొద్దు: చెడ్డ ఖాతాను మంచిదనుకుంటే నష్టం 5, మంచిదాన్ని చెడ్డదనుకుంటే 1. ఆ డేటా మీద ముందు లాజిస్టిక్ రిగ్రెషన్‌తో ఒక స్కోర్‌కార్డు కట్టండి. అప్పు ఎందుకు ఇవ్వలేదో మేనేజరుకు వివరించగలిగే పద్ధతి గనుక బ్యాంకులు దాన్ని ఇంకా వదల్లేదు. గణితం, స్టాటిస్టిక్స్ వాళ్లు ఆ తర్వాత పీడీ (అప్పు మునిగే సంభావ్యత), ఎల్‌జీడీ (మునిగితే పోయే వంతు), ఈఏడీ (మునిగేనాటికి ఉండే బాకీ) లెక్కలకు వెళ్లొచ్చు. ఈ మూడింటి లబ్ధమే ఆశించే నష్టం.

హైదరాబాద్‌లో విదేశీ బ్యాంకుల కేంద్రాలు కూడా ఇలాంటి పనికి మనుషుల్ని తీసుకుంటాయి. అయితే ‘డేటా సైంటిస్ట్’ అని మాత్రమే వెతికితే చాలా ప్రకటనలు మీ కంటబడవు. క్రెడిట్ రిస్క్ అనలిస్ట్, మోడల్ డెవలప్‌మెంట్, మోడల్ వాలిడేషన్ అని కూడా వెతకండి. మూడోది ఇతరులు కట్టిన మోడల్లో తప్పులు పట్టే పని. రికవరీ ఫోన్ల కాలమ్‌ను చూసి నవ్వుకున్నవాళ్లు ముందు దానికే దరఖాస్తు చేయవచ్చు.